స్టీలు చెంచా సూపు

వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఏప్రిల్ 3

మరదలు పిల్లకి,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అన్నయ్య బొజ్జ మరీ క్షేమం. ఫోన్ చేస్తే నువ్వు రెండు నిమిషాల్లో "పనుంది వదినా" అని పెట్టేస్తావు. ఉత్తరంలో అయితే నన్ను మధ్యలో ఆపేవాళ్లు ఉండరు. అందుకే కాగితం తీశాను.

విషయం మీ వారపత్రికది. అందులో ఆ సినిమా నాయిక రాసే ‘నా పళ్లెంలో ఈ వారం’ చదువుతున్నాను. చదవడమంటే ఊరికే కాదు, పెన్సిల్ పట్టుకుని మరీ. మీ ఆఫీసులో ప్రూఫులు దిద్దేది నువ్వయినా ఆవిడ తిండి దిద్దే పని నా నెత్తిన పడింది.

సోమవారం సగం ఆపిల్, నాలుగు బాదం గింజలు తిందట. సరే. మిగతా సగం ఆపిల్ ఏమైంది? మంగళవారం మళ్లీ సగం ఆపిల్ అంది. అది సోమవారం నాటి సగమేనా? అయితే నల్లబడి ఉండాలి కదా, ఆ మాట ఎందుకు రాయలేదు? బుధవారం మహాతల్లి గుమ్మడికాయను పావుగంటలో ఓవెన్‌లో కాల్చేసిందట! నేను మీ అన్నయ్యను స్టాప్‌వాచీతో సహా ఓవెన్ ముందు కూర్చోబెట్టాను. వాచీలు బాగుచేసే మనిషి, సెకను తేడా రానివ్వరు. ముక్కలు కోసి పెడితేనే అరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. శుక్రవారం దగ్గర "గుడ్డు లేని ఆమ్లెట్" అని చూసేసరికి పెన్సిల్ ముక్కు విరిగింది.

తప్పులన్నీ వేరే కాగితం మీద రాసి పెట్టాను. ఆవిడకు అందజెయ్యి. కోప్పడుతుందని భయపడకు, మర్యాదగానే రాశాను. "మీ వంటింట్లో స్టవ్ ఉందా?" అన్న ఒక్క ప్రశ్న తప్ప.

నువ్వు అడిగిన అత్తయ్య ఉల్లిపాయ సూపు ఇదిగో. కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెన్నలో సన్నమంట మీద నలభై నిమిషాలు వేయించు. చెయ్యి ఆపకుండా కలుపుతూనే ఉండాలి. తర్వాత నీళ్లు పోసి, ఒక స్టీలు చెంచా గిన్నెలో పడేసి, మూత పెట్టి ఉడికించు. దించేదాకా చెంచా తీయకు. రుచంతా ఆ చెంచాలోనే ఉంది.

అత్తయ్య గిన్నె పంపమని మళ్లీ రాశావు. బరువు గిన్నె, పార్సిల్‌లో సొట్టలు పడుతుంది. తర్వాత చూద్దాం.

మీ వదిన


పత్రిక ఆఫీసు, ప్రూఫుల గది నుంచి,
ఏప్రిల్ 19

వదినకు,

నీ తప్పుల పట్టిక అందింది. తొమ్మిది పేజీలు! మా ఎడిటర్ గారి సంపాదకీయం కూడా ఎప్పుడూ మూడు పేజీలు దాటలేదు.

అయినా ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకు. ఆ సగం ఆపిల్ మీద నీకెందుకంత పట్టింపు? రాసేవాళ్లకు వారం వారం ఏడు రోజుల తిండి ఊహించి, అంటే గుర్తుపెట్టుకుని, రాయడం ఎంత కష్టమో నీకేం తెలుసు? శుక్రవారం వచ్చేసరికి బుర్రలో ఏమీ మిగలదు పాపం. ఆవిడ సంగతే చెబుతున్నాను.

నీ పట్టిక మాత్రం ఆవిడకు తప్పకుండా చేరుతుంది. నీ వంటింటి సంగతులు ఇంకా రాస్తూ ఉండు. ఉప్పు ఎందులో పోస్తావు, క్యారెట్ ఎలా కోస్తావు, అన్నీ రాయి. ఎందుకంటే ఏం చెప్పను, ఊరికే, నీ మీద ప్రేమకొద్దీ.

సూపు చేశాను. చెంచా కూడా వేశాను, కొత్తది కొని మరీ. బాగానే ఉంది కానీ అమ్మ చేసినట్టు రాలేదు వదినా. అమ్మ పోయి నాలుగేళ్లయింది. నువ్వు చేస్తే ఆ రుచి వస్తుంది, నేను చేస్తే ఉల్లిపాయలు, నీళ్లు, చెంచా వస్తున్నాయి. తప్పు గిన్నెలోనే ఉందేమో. అది అమ్మది కదా, నాకిస్తే నీ సొమ్మేం పోతుంది?

నీ మరదలు


వంటింటి బల్ల దగ్గర నుంచి,
మే 12

మరదలు పిల్లకి,

నా కాళ్లు నేల మీద ఆనడం లేదు!

ఆవిడ నా పట్టిక చదివింది! మూడు వారాలుగా చూస్తున్నాను, మనిషి పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు ఆపిల్ మొత్తం తింటోంది. గుమ్మడికాయకు సరిగ్గా అరవై ఎనిమిది నిమిషాలు ఇస్తోంది. ఉప్పు తడి పట్టకుండా డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేస్తుందట, అచ్చం నాలాగే. క్యారెట్‌ను ఏటవాలుగా కోస్తుందట, నాలాగే. గుడ్డు పగలగొట్టేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుందట. ఆ అలవాటు నాకు తప్ప ఇంకెవరికైనా ఉందనుకోలేదు. మీ అన్నయ్యకు చదివి వినిపించి, "చూశారా, అంత పెద్ద నాయికదీ నాదీ ఒకటే చెయ్యి" అన్నాను. ఆయన వాచీలోంచి కంటి అద్దం తీయకుండానే, "మరి ఆవిడది అంత నాజూకు నడుమూ, నీది..." అని ఆగిపోయారు. ఆ పూట అన్నం ఆయనే వండుకున్నారు.

పై అంతస్తు టీచరమ్మను కూడా పిలిచి చూపించాను. ఆవిడ నమ్మలేదు. కుళ్లు.

గిన్నె గురించి మళ్లీ అడగకు. సొట్టలు పడుతుందని చెప్పానుగా.

మీ వదిన


వంటింట్లోంచి, నిలబడే రాస్తున్నాను,
మే 27

ఏమే,

ఈ వారం పత్రిక వచ్చింది. గురువారం తిండి దగ్గర ఆవిడేమందో తెలుసా? తెలియకేం. "నా ఉల్లిపాయ సూపు రహస్యం ఒక స్టీలు చెంచా. దాన్ని గిన్నెలోనే వేసి ఉడికిస్తాను. రుచంతా ఆ చెంచాలోనే ఉంది."

ఆ ముక్క మూడుసార్లు చదివాను.

ఎందుకంటే ఆ చెంచా ఈ భూమ్మీద ఒకే ఒక్క చోట ఉంది. నేను నీకు రాసిన ఉత్తరంలో. ఎవ్వరూ ఎక్కడా సూపులో చెంచా వేసి ఉడకబెట్టరు. అది అబద్ధం! నేను కల్పించింది!

అవును, కల్పించాను. నేను వంటకం ఎవరికి రాసిచ్చినా అందులో ఒక్క అబద్ధమైనా పెడతాను. టీచరమ్మకు కేకు పిండిని ఎడమ చేత్తోనే కలపాలని చెప్పాను. పాపం, మూడేళ్లుగా అలాగే కలుపుతోంది. నా అలవాటు నాది, దాని సంగతి ఇప్పుడెందుకు. నీ సంగతి చెప్పు. నువ్వు అడిగావని నీకు రాసిన నా ఉప్పు డబ్బా, నా క్యారెట్, నా గుడ్డు, నా అబద్ధం, అన్నీ ఆవిడ పళ్లెంలోకి ఎలా వెళ్లాయి? ఆ పళ్లెం నింపుతున్నది ఎవరు?

వెంటనే జవాబు రాయి. మీ అన్నయ్యకు ఇంకా చెప్పలేదు.

వదిన


ప్రూఫుల గది, తలుపు గడియ వేసి,
జూన్ 2

వదినకు,

నేనే.

కాళ్లు పట్టుకుంటున్నాననుకో, ఉత్తరం చించకుండా పూర్తిగా చదువు. ఆవిడ సెక్రటరీ నెలకోసారి ఒక చీటీ పంపుతాడు. అందులో "సోమవారం: ఉడికించిన కూరగాయలు, ఉడికించిన చికెన్, వేడి నీళ్లు. మంగళవారం నుంచి ఆదివారం: పై విధంగానే" అని ఉంటుంది. అంతే! అది పత్రికలో రెండు పేజీలు నిండాలి. ఎడిటర్ గారు నన్ను పిలిచి "నువ్వు కాస్త ఉప్పూకారం అద్దమ్మా" అన్నారు. నాకు నీళ్లు కాచడం తప్ప ఏం వచ్చు? మొదట్లో తోచింది రాశాను. ఆ సగం ఆపిల్ నాదే. గుడ్డు లేని ఆమ్లెట్ కూడా నాదే. తర్వాత నీ పట్టిక వచ్చింది, నెత్తిన పాలు పోసినట్టయింది. చెప్పాల్సింది. నువ్వు "మా ఇద్దరిదీ ఒకటే చెయ్యి" అని మురిసిపోతుంటే నోరు రాలేదు.

ఇప్పుడు ఆ చెంచా నా కొంప ముంచింది. ఊరంతా చెంచాలు ఉడకబెడుతున్నారు. ఉత్తరాలు గోనెసంచిలో వస్తున్నాయి. లోహాల గురించి పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్ గారొకరు, చెంచా వల్ల సూపుకు రుచి ఎలా వస్తుందో బొమ్మలు వేసి ఆరు పేజీలు రాశారు. రుజువు చేసేశారు కూడా. అత్తాకోడళ్లు పెద్ద చెంచానా చిన్న చెంచానా అని తగువు పడి తీర్పు మమ్మల్నే చెప్పమన్నారు. ఒక హాస్టల్ వంటావిడ నలభై గిన్నెల్లో నలభై చెంచాలు వేస్తే ముప్పై తొమ్మిదే తిరిగొచ్చాయట, ఇప్పుడేం చేయాలని అడుగుతోంది. పళ్ల డాక్టరొకాయన మాత్రం ధన్యవాదాలు చెప్పాడు.

అసలు ముప్పు ఇప్పుడు విను. మా పత్రిక వార్షికోత్సవానికి నాయిక వేదిక మీద స్వయంగా ఆ సూపు చేస్తుందని ఎడిటర్ గారు ప్రకటించేశారు. జూలై 10న, రెండు వందల మంది పాఠకుల ముందు. అందరికీ తలా ఒక కప్పు పోస్తారట. నేను చేసి చూపించాను, ఎడిటర్ గారు ఒక గుక్క తాగి కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశారు. "ఆ రోజు సూపు ఇలాగే ఉంటే నీ రాజీనామా కాగితం నువ్వే టైపు చేసి, ప్రూఫు కూడా నువ్వే చూసుకో" అన్నారు.

ఉద్యోగం పోతే నేనేం చేయను వదినా? నాకు అక్షరం దిద్దడం తప్ప ఇంకో పని రాదు. తిట్టు, కొట్టు, కానీ అమ్మ సూపు అసలు సంగతి చెప్పు.

నీ మరదలు


వంటింటి బల్ల దగ్గర నుంచి,
జూన్ 15

మరదలు పిల్లకి,

పదమూడు రోజులు జవాబు రాయలేదు. కోపం అయిదో రోజుకే పోయింది, మిగతా ఎనిమిది రోజులూ ఆలోచించాను. చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఎవరికి, ఎందుకు అని అడగకు. నీ ఉద్యోగం మీదికి వచ్చింది కాబట్టి సగం మాట తప్పుతున్నాను.

శ్రద్ధగా చదువు. నలభై నిమిషాలు కలుపుతూ ఉండమన్నానే, అది తప్పు. ఇరవై నిమిషాలయ్యాక గరిటె కింద పెట్టెయ్యి. స్టవ్ దగ్గర నుంచి పక్కకు వెళ్లిపో. ఉల్లిపాయలు అడుగంటుతాయి, అంటనివ్వు. వాసన వస్తుంది, రానివ్వు. నీ నోటివెంట "అయ్యో" అని వచ్చేదాకా ముట్టుకోకు. గిన్నె అడుగు నల్లగా మాడాక ఒక్కసారిగా నీళ్లు పోసి, ఆ మాడునంతా చెక్క గరిటెతో గీకి సూపులో కలుపు. చెంచా అక్కర్లేదు.

అంతే. అదే సూపు.

వదిన


ప్రూఫుల గది నుంచి,
జూన్ 23

వదినకు,

కోపం పోయిందని రాశావు. పోలేదని తెలుస్తూనే ఉంది.

తప్పు చేశాను, ఒప్పుకున్నాను. తిట్టాలనుంటే తిట్టు. కానీ రెండు వందల మంది ముందు, అంత పెద్ద నాయిక చేత, సూపు మాడబెట్టిస్తానా? చెవిలో పువ్వు పెట్టుకుని కనిపిస్తున్నానా నీకు? ప్రతి వంటకంలో ఒక అబద్ధం పెడతానని నువ్వే రాశావు. ఈసారి వంటకమంతా అబద్ధమే పెట్టావు. అమ్మ సూపు మాడిన సూపా? అమ్మ!

నాయికకు నీ మొదటి పద్ధతే రాసి పంపాను. నలభై నిమిషాలు కలపడం, చెంచా, మూత. ఆ తర్వాత ఏం రాసిపెట్టి ఉంటే అదే జరుగుతుంది. రాజీనామా కాగితం టైపు చేసి పెట్టుకున్నాను. అందులో తప్పులేమీ లేవు.

నీ మరదలు


ఆఫీసు కాదు, నా గది నుంచి,
జూలై 11

వదినా,

ఎక్కడ మొదలుపెట్టను?

నిన్న హాలు కిటకిటలాడిపోయింది. సగం మంది ఇంటి నుంచి చెంచాలు తెచ్చుకున్నారు, వాటి మీద నాయిక సంతకం కావాలట. ప్రొఫెసర్ గారు ముందు వరసలో థర్మామీటర్‌తో కూర్చున్నారు. వేదిక మీద స్టవ్, పెద్ద గిన్నె, మైకు. నేను తెర పక్కన కాగితం పట్టుకుని నిలబడ్డాను.

నాయిక వచ్చింది. మంచి మనిషే వదినా, కానీ గరిటెను మైకు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఉల్లిపాయలు వేసింది, కలిపింది. ఇరవై నిమిషాలు బుద్ధిగానే కలిపింది. ఇంతలో ఎవరో మొదటి సినిమా షూటింగులో గుర్రం మీంచి పడ్డ సంగతి చెప్పమన్నారు. ఇంక చూడు! గరిటె కింద పెట్టేసింది, వేదిక మధ్యకు వచ్చింది, గుర్రం అయింది, పడడమయింది, లేవడమయింది. నేను తెర పక్కనుంచి చేతులు ఊపుతున్నాను. ఆవిడ నాకు తిరిగి చెయ్యి ఊపింది.

వాసన వచ్చింది. పొగ వచ్చింది. ముందు వరస ముక్కులు మూసుకుంది. ఎడిటర్ గారి మొహం కందగడ్డయింది. నేను గట్టిగా "అయ్యో" అన్నాను. నా "అయ్యో" మైకులో కూడా వినబడింది. నాయిక పరుగెత్తుకొచ్చి కంగారులో చెంబుడు నీళ్లు గుమ్మరించి, అందిన గరిటెతో అడుగంతా గీకేసి, నవ్వుతూ "ఇదే అసలు రహస్యం!" అంది. ఏం నటించిందనుకున్నావు!

చెంచా వేశారు, మూత పెట్టారు. కప్పుల్లో పోశారు. మొదటి కప్పు ఎవరూ ముట్టుకోకముందే నేనే తీసుకున్నాను, ముంచినదాన్ని నేనే కదా అని.

వదినా, అది అమ్మ సూపు.

అదే రుచి. బడి నుంచి వచ్చి సంచీ అక్కడే పడేసి వంటింట్లోకి పరుగెడితే ఉండేదే, అదే. నేను వేదిక వెనక మెట్ల మీద కూర్చుని కప్పు పట్టుకుని ఏడ్చేశాను. ఎడిటర్ గారు ఉద్యోగం కోసం ఏడుస్తున్నాననుకుని, "ఊరుకోమ్మా, జనం రెండోసారి అడుగుతున్నారు" అన్నారు. ప్రొఫెసర్ గారు చెంచా తీసి కొలతలు రాసుకున్నారు.

తర్వాత నాయిక నా పక్కన మెట్ల మీదే కూర్చుని మూడు కప్పులు తాగింది. "ఆరేళ్లుగా ఉడికించినవే తింటున్నానమ్మాయ్. తిండంటే ఇలా ఉంటుందని మర్చిపోయాను. ఇదెవరు నేర్పారు?" అంది. అంతా చెప్పేశాను. సగం ఆపిల్ దగ్గర నుంచి చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి కప్పు ఒలకబోసుకుంది. ఎడిటర్ గారిని పిలిచి, "నేను తినని తిండికి నా పేరెందుకు? ఆ వదినగారి చేతే రాయించండి" అంది. ఆయన సరేనన్నారు. ఇంక నువ్వు ఒప్పుకోవాలి.

అదంతా సరే. నువ్వు నిజం రాస్తే నమ్మలేదు, క్షమించు. కానీ ఒక్కటి చెప్పు. అమ్మ రోజూ మాడబెట్టేదా?

నీ మరదలు


వంటింటి బల్ల దగ్గర నుంచి,
జూలై 18

మరదలు పిల్లకి,

మాడబెట్టేది. రోజూ మాడబెట్టేది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రెండో రోజే చూశాను. అత్తయ్య ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో మీ వారపత్రిక పట్టుకుని సీరియల్ చదువుతూ వండేవారు. కథ రసపట్టులో పడేసరికి గరిటె ఆగిపోయేది. మాడు వాసన వచ్చాక "అయ్యో" అని నీళ్లు పోసి, గీకి, కిటికీ తెరిచి, ఏమీ ఎరగనట్టు నిలబడేవారు. నువ్వు వచ్చి తాగి, "మా అమ్మలా ఎవరూ వండలేరు" అని బడంతా చాటేదానివి. ఒకసారి నేను మాడు గీకడం చూసి నవ్వితే, ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పిల్లకి చెప్పకే. వాళ్లమ్మ గొప్పగా వండుతుందనే అనుకోనీ" అన్నారు. పోయే ముందు వారం కూడా అదే గుర్తుచేశారు. నేను మాటిచ్చాను.

అందుకే నువ్వు సూపు అడిగినప్పుడల్లా ఏదో ఒక అబద్ధం కల్పించాల్సి వచ్చేది. అలా అలవాటై చివరికి టీచరమ్మ ఎడమ చేతిదాకా వచ్చింది. గిన్నె కూడా అందుకే పంపలేదు. సొట్టల కోసం కాదు, ఆ అడుగు చూస్తే నీకు ఇట్టే తెలిసిపోతుందని. ఆవిడ పరువు కాపాడుదామనుకున్నాను. నువ్వు మాడిన కప్పు పట్టుకుని మెట్ల మీద ఏడ్చావని చదివాక, పోయిందేమీ లేదని తెలిసింది. నేనూ కాసేపు ఏడ్చాను. మీ అన్నయ్య ఉల్లిపాయల వల్ల అనుకున్నారు. అప్పుడు నేను తరుగుతున్నది క్యారెట్.

మీ పత్రికకు రాస్తాను. మొదటి వారానికి గుమ్మడికాయ, అరవై ఎనిమిది నిమిషాలు. అబద్ధాలు పెట్టను, టీచరమ్మకు కూడా కుడి చెయ్యి వాడుకోవచ్చని చెప్పేశాను. ఆవిడ నమ్మలేదు. కానీ సూపు విషయం మాత్రం పత్రికకు రాయను. ఊరంతా చెంచాలు ఉడకబెట్టుకోనీ, ప్రొఫెసర్ గారు ఇంకో ఆరు పేజీలు రాసుకోనీ. అత్తయ్య మాట బయటివాళ్ల దగ్గర నిలబెడతాను.

అత్తయ్య గిన్నె రేపు పార్సిల్ చేస్తున్నాను. పాత వారపత్రికల్లో చుట్టాను. అడుగు నల్లగా ఉంటుంది. పొరపాటున కూడా తోమకు.

మీ వదిన